ఓటేసి కొనుక్కున్న కొండల్లో పరుగు

చలికాలంలో పచ్చగా, ఎండాకాలంలో బంగారు రంగులో ఉండే గడ్డి కొండలు. వాటి వాలుల్లో వందల ఏళ్ల ఓక్ చెట్లు. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పున, వేలాది తెలుగు కుటుంబాల ఇళ్ల వెనకే ఉన్న ఈ కొండల్లో వారాంతం వస్తే చాలు, తెల్లారకముందే పరుగు మొదలవుతుంది. ఆ దారులు ఎక్కడివి, ఎలా పరిగెత్తాలి, ఇంత ఖరీదైన చోట ఆ కొండలు ఇంకా కొండలుగానే ఎలా మిగిలాయి?

ఫ్రీమాంట్‌లో కొడుకు దగ్గరో కూతురి దగ్గరో ఆర్నెల్లు ఉండి వచ్చిన అమ్మానాన్నల ఫోన్లలో తరచూ ఒక ఫొటో కనిపిస్తుంది. రాళ్ల గుట్ట మీద ఒక ఇనప స్తంభం, దాన్ని పట్టుకుని వేలాడుతున్న మనవడు, వెనకాల ఎక్కడో కింద అఖాతం. ఆ కొండ పేరు మిషన్ పీక్. ఎత్తు 2,517 అడుగులు. 1990లో అక్కడ నిలబెట్టిన ఆ స్తంభం దగ్గర ఫొటో దిగడానికి శని, ఆదివారాల్లో వరసలో నిలబడాలి.

ఆ ఫొటో ఫిబ్రవరిలో తీసిందైతే కొండ నాట్లు ముగిసిన వరిచేనంత పచ్చగా ఉంటుంది. ఆగస్టులో తీసిందైతే పచ్చదనం మచ్చుకైనా ఉండదు. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఇది ఒకే కొండ అంటే నమ్మబుద్ధి కాదు.

ఫొటోల వాళ్లు రాకముందే కొండ దిగిపోయే వాళ్లు కొందరుంటారు. చీకటి విడవగానే నడుముకో వీపుకో నీళ్ల సంచి కట్టుకుని, అడుగున పళ్లున్న బూట్లు వేసుకుని వాలు ఎక్కుతుంటారు. వీళ్లు ట్రయిల్ రన్నర్లు. తారు రోడ్డు మీద పరుగు ఒకటే అడుగును వేలసార్లు వేయిస్తుంది. మట్టిదారి ఏ రెండు అడుగుల్నీ ఒకేలా వేయనివ్వదు. రాయి, గుంట, ఎండిన ఆవుపేడ, నేల ఉడుత తవ్విన బొరియ, అన్నీ చూసుకుని కాలు వేయాలి. ఈ కొండల్లో కొన్నాళ్లు పరిగెత్తినవాళ్లకు పరుగుతోపాటు నేల కూడా తెలిసొస్తుంది. అలా తెలిసేవాటిలో మొదటిది, ఇక్కడ సహజంగా కనిపించే వాటిలో చాలావరకు ఎవరో ఒకరు తెచ్చినవో చేసినవో కాపాడినవో అన్నది.

వలస వచ్చిన గడ్డి

ఇక్కడి వానలకు మన పంచాంగం పనికిరాదు. అక్టోబరు చివర్లోనో నవంబరులోనో తొలి జల్లు పడుతుంది. ఏప్రిల్‌తో సరి. మే నుంచి సెప్టెంబరు దాకా దాదాపు చుక్క రాలదు. తొలి వానకు మొలిచిన గడ్డి మార్చికల్లా మోకాలి ఎత్తు పెరుగుతుంది, మేలో గింజ పట్టి చచ్చిపోతుంది. పర్యాటకుల పుస్తకాల్లో కనిపించే కాలిఫోర్నియా బంగారు కొండలు అంటే ఆ ఎండిన గడ్డే.

అయితే ఆ గడ్డిలో చాలా భాగం అక్కడిది కాదు. 1769లో స్పెయిన్ వాళ్లు వచ్చి స్థిరపడడం మొదలుపెట్టినప్పుడు వాళ్ల పశువులతో, మేతతో, ధాన్యంతో మధ్యధరా ప్రాంతపు గడ్డిగింజలూ వచ్చాయి. అడవి ఓట్లు, బ్రోమ్, రై గడ్డి జాతులు ఒక్క సీజనులో మొలిచి, గింజలు రాల్చి పోయేవి. అంతకుముందు ఇక్కడ గుబుర్లుగా పెరిగి, లోతుగా వేళ్లు దించి, ఏళ్ల తరబడి బతికే గడ్డి ఉండేది. వాటిలో పర్పుల్ నీడిల్ గ్రాస్ అనేదాన్ని 2004లో కాలిఫోర్నియా తన రాష్ట్ర గడ్డిగా ప్రకటించింది. ఇప్పుడు దాన్ని చూడాలంటే వెతుక్కోవాలి. వేసవి మొదట్లో కొండ అంతా పసుపెక్కాక అక్కడక్కడా ఇంకా పచ్చగా నిలిచిన కుదుళ్లు కనిపిస్తే అది పాతకాపు గడ్డి అయ్యే అవకాశం ఎక్కువ.

కొత్తగడ్డి పరుగెత్తేవాళ్లను మరో రకంగా పలకరిస్తుంది. జూన్‌లో దారి పక్కన గడ్డిలోంచి ఒక్క ఫర్లాంగు పరిగెత్తి సాక్సు విప్పి చూస్తే అడవి ఓట్ల గింజలు ఊలులో గుచ్చుకుని ఉంటాయి. ఒక్కో గింజకు వంకర తిరిగిన పొడవాటి తోక ఉంటుంది. గాలిలో తేమ మారినప్పుడల్లా ఆ తోక మెలి విప్పుకుంటూ, మళ్లీ చుట్టుకుంటూ గింజను నేలలోకి తొలుచుకుంటూ పోతుంది. సాక్సులోనూ అదే పని చేస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు బూటు పైభాగాన్ని కప్పే చిన్న గుడ్డ తొడుగులు వేసుకుంటారు.

ఈ కొండల తొలి నివాసులైన ఓలోనీ, బే మివోక్ జనం గడ్డిని అప్పుడప్పుడు పద్ధతిగా తగలబెట్టేవాళ్లు. దాంతో కొత్త మేతకు జింకలొచ్చేవి, పొదలు కొండను మింగకుండా ఉండేవి. 1793లో స్పెయిన్ గవర్నరు ఆ మంటల్ని నిషేధించాడు. నిప్పు చేసిన పనిలో కొంత ఇప్పుడు ఆవులు చేస్తున్నాయి. పార్కుల వాళ్లే స్థానిక పశుపాలకులకు మేతకు హక్కులిచ్చి గడ్డిని పొట్టిగా ఉంచుతారు. గడ్డి తగ్గితే వేసవి మంట అంత ఎత్తున లేవదు, వసంతంలో నారింజరంగు పాపీలకు, నీలం లూపిన్‌లకు వెలుగు దొరుకుతుంది. అందుకే ఏ దారిలో పోయినా పశువుల గేట్లు అడ్డం వస్తాయి. గొలుసు విప్పి, దాటి, మళ్లీ వేయాలి. పందెంలో ఎంత వెనకబడ్డా గేటు వేయకుండా పోయేవాణ్ని తోటివాళ్లు క్షమించరు.

ఓక్ నీడ విలువ

గడ్డి వాలు మీద ఎండలో నాలుగు మైళ్లు ఎక్కి ఒక ఓక్ చెట్టు కిందికి చేరినవాడికి నీడ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. కాలిఫోర్నియాలో దాదాపు ఇరవై రకాల ఓక్‌లున్నాయి. ఈ కొండల్లో పరుగుకు మూడింటిని గుర్తుపడితే చాలు. తీరపు గాలి తగిలే వాలుల్లో, వాగుల పక్కన ఏడాదంతా పచ్చగా, గొడుగులా గుబురుగా ఉండేది కోస్ట్ లైవ్ ఓక్. దాని ఆకు చిన్నది, అంచుల్లో ముళ్లుంటాయి. ఇంకాస్త లోపలికి, వేడి ఎక్కువగా ఉండే కొండల్లో దూరం దూరంగా నిలబడి ఆకులు నీలం ఛాయలో కనిపించేది బ్లూ ఓక్. ఇది కాలిఫోర్నియాలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. లోయల్లో లోతైన మట్టి దొరికిన చోట మహావృక్షంగా ఎదిగేది వ్యాలీ ఓక్. ఉత్తర అమెరికా ఓక్‌లలో అదే పెద్దది. ఈ రెండూ శీతకాలంలో ఆకు రాలుస్తాయి.

ఓక్ కాయలే ఒకప్పుడు ఇక్కడి జనానికి ప్రధాన ఆహారం. శరత్కాలంలో ఏరి, ఎండబెట్టి, నిల్వచేసి, పెంకు తీసి, రాతిబండల్లో తొలిచిన రోళ్లలో దంచేవాళ్లు. ఆ పిండి పరమ వగరు. నీళ్లు పోసి, వంపేసి, మళ్లీ పోసి, టానిన్ అంతా కడిగితే గానీ నోట పెట్టలేరు. నీరు కారనంత బిగువుగా అల్లిన బుట్టల్లో ఆ పిండి కలిపి, కాల్చిన రాళ్లు వేసి జావ కాచేవాళ్లు. డయాబ్లో పర్వతం మీద రాక్ సిటీ అనే చోట ఆ రోటి గుంటలు ఇప్పటికీ ఉన్నాయి.

ఆ కాయల మీద ఇప్పుడు గట్టి హక్కున్నది ఎకార్న్ వుడ్‌పెకర్ అనే ఎర్రటోపీ వడ్రంగి పిట్టకు. ఒక చెట్టు మానును, ఒక్కోసారి టెలిఫోన్ స్తంభాన్ని ఎంచుకుని వేల రంధ్రాలు తొలుస్తుంది. ఒక్కో రంధ్రంలో ఒక్కో కాయను కొలిచినట్టు బిగిస్తుంది. కాయ ఎండి వదులైతే తీసి చిన్న రంధ్రంలోకి మారుస్తుంది. ఆ గాదెను కుటుంబమంతా కలిసి కాపలా కాస్తుంది. పరుగు ఆపి ఊపిరి తీసుకునే సాకు కావాలంటే ఇంతకన్నా మంచిది దొరకదు.

ఇక దిగులు సంగతి. చాలాచోట్ల ముసలి బ్లూ ఓక్‌లు కనిపిస్తాయి గానీ పిల్ల మొక్కలు కనిపించవు. వలసగడ్డి వసంతంలోనే పైమట్టి తేమ పీల్చేస్తుంది. మొలిచిన కాస్తా ఆవులు, జింకలు, ఉడుతల పాలవుతుంది. మరోపక్క 1990ల మధ్య నుంచి సడన్ ఓక్ డెత్ అనే తెగులు తీరప్రాంతపు ఓక్‌లను చంపుతోంది. దీనికి కారణం ఫైటోఫ్తోరా రమోరమ్ అనే సూక్ష్మజీవి. కోనసీమలో కొబ్బరికి మొవ్వుకుళ్లు తెచ్చేదీ, బత్తాయి తోటల్లో కాండం నుంచి బంక కార్పించేదీ దీని దాయాదులే. ఇక్కడ అది మన బిర్యానీ ఆకు వర్గానికే చెందిన బే లారెల్ చెట్ల ఆకుల మీద పెరుగుతుంది. వాన చినుకులతో పక్కనున్న లైవ్ ఓక్‌కు అంటుకుంటుంది. బూటుకు అంటిన తడి మట్టితోనూ కొత్తచోటికి చేరగలదు. అందుకే వానాకాలంలో ఒక పార్కులో పరిగెత్తి మరో పార్కుకు పోయేముందు బూట్లు గీకి కడగమని చెబుతారు. పరుగు ముగిశాక బ్రష్ పట్టుకుని పార్కింగులో కూర్చున్నవాళ్లు బూట్ల శుభ్రం కోసమే కూర్చున్నారనుకోవద్దు.

నాలుగు దారులు

మిషన్ పీక్: స్టాన్‌ఫర్డ్ అవెన్యూ వైపు నుంచి శిఖరానికి మూడు మైళ్లు. ఎక్కాల్సింది రెండువేల అడుగులకు పైనే. అలిపిరి నుంచి తిరుమలకు నడిచినవాళ్లు ఆ ఎత్తును సగం దూరంలోనే, మెట్లూ నీడా లేకుండా ఎక్కినట్టు ఊహించుకోవచ్చు. ఓలోనీ కాలేజీ వైపు దారి కాస్త పొడుగు, కాస్త నయం. జనం అడ్డదారులు తొక్కి కొండకు గాట్లు పెట్టారు. మలుపు తిరిగిన దారిని వదిలి నిట్టనిలువుగా దిగితే రెండు నిమిషాలు మిగులుతాయి. ఆ గాటులోంచి వాననీరు పారి ఏటా కాస్త మట్టి కొట్టుకుపోతుంది. మూసేసిన చోట్ల పెట్టిన కంచెలు అందుకే.

ప్లెజంటన్ రిడ్జ్: ఐ-680 మీద పోయేటప్పుడు ప్లెజంటన్‌కు పడమర పక్క పొడుగ్గా కనిపించే గట్టు ఇదే. ఫుట్‌హిల్ రోడ్డు నుంచి ఓక్ ట్రీ ట్రయిల్ పట్టుకుంటే మొదట్లో ఓక్ తోపుల నీడ, తర్వాత వీపు మీద ఎండ. పైకి చేరాక పాత ఆలివ్ తోటలు ఎదురవుతాయి. అక్కణ్నుంచి గట్టు వెన్ను మీద మైళ్ల తరబడి ఎగుడుదిగుడు దారి. రోడ్డు పరుగు నుంచి మట్టి పరుగుకు మారేవాళ్లకు ఇది మంచి బడి.

ఓలోనీ ట్రయిల్: ఇది పెద్దల పాఠం. ఫ్రీమాంట్ నుంచి మిషన్ పీక్ ఎక్కి దిగి, సునోల్ లోయ దాటి, రోజ్ పీక్ మీదుగా లివర్‌మోర్ దగ్గరి డెల్ వాలే చెరువు దాకా 28 మైళ్లు. మధ్యలో ఊరు లేదు, కొట్టు లేదు. చాలాచోట్ల ఫోను పలకదు. ముందే అనుమతి తీసుకోవాలి, దానితో వచ్చే మ్యాపులో నంబర్లే దారిలో స్తంభాల మీదా ఉంటాయి. రోజ్ పీక్ ఎత్తు 3,817 అడుగులు, ప్రసిద్ధమైన డయాబ్లో కన్నా 32 అడుగులే తక్కువ. అయినా దాని పేరు తెలిసినవాళ్లు అరుదు, ఎందుకంటే అక్కడికి కారు పోదు. మే నెలలో ఈ దారిలో 50 కిలోమీటర్ల పందెం జరుగుతూ వచ్చింది. చివర్లో చెరువు కనపడ్డాక కూడా కొండ దిగడానికి చాలాసేపు పడుతుందని పరిగెత్తినవాళ్లు తిట్టుకుంటూ చెబుతారు.

మౌంట్ డయాబ్లో: ఎత్తు 3,849 అడుగులు. క్లేటన్ ఊరి అంచున మిచెల్ కాన్యన్ నుంచి బయల్దేరితే శిఖరానికి ఏడు మైళ్లకు కాస్త తక్కువ, ఎక్కుడు మూడువేల అడుగులకు పైగా. మొదట వాగు పక్కన నీడ, తర్వాత మెలికలు తిరిగే ఫైర్ రోడ్డు, పైన పొదల అడవి. శిఖరం మీద 1930లలో కట్టిన రాతి భవనం ఉంది. పర్వతపు అసలు కొన ఆ భవనం లోపలి నేలలో పొడుచుకొచ్చి కనిపిస్తుంది. గోడల రాళ్లలో సముద్రపు గవ్వల శిలాజాలున్నాయి. చెమటలు కక్కుతూ చేరినవాడికి కారులో వచ్చి ఐస్‌క్రీమ్ తింటున్న కుటుంబాలు ఎదురైనప్పుడు కలిగే భావం వేదాంతానికి దగ్గరగా ఉంటుంది.

ఈ దారుల్లో చాలావాటిని ఎవరూ పరుగు కోసం వేయలేదు. వెడల్పాటివి ఫైర్ రోడ్లు. అగ్నిమాపక బండ్లు గట్టు మీదికి త్వరగా చేరడానికి బుల్డోజరుతో తోసినవి కాబట్టి మెలికలు తక్కువ, నిటారు ఎక్కువ. మరికొన్ని పాత పశువుల దారులు. అందుకే ఇక్కడ మంచి రన్నర్లు కూడా ఎక్కుడులో నడుస్తారు. చేతులు తొడల మీద ఆనించి, చిన్న అడుగులతో, ఊపిరి చెడకుండా నడిచేవాడు, పరిగెత్తి ఆయాసపడి ఆగేవాడి కన్నా ముందు పైకి చేరతాడు. దిగేటప్పుడు పెద్ద అంగలు వేస్తే బరువంతా మోకాళ్ల మీద పడుతుంది. అడుగులు చిన్నవి, చురుకైనవి కావాలి. చూపు పాదాల మీద కాదు, రెండు మూడు బారల ముందు ఉండాలి.

సమయం లెక్కకు 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన సూత్రం ఇప్పటికీ నడుస్తోంది. నడకకు మూడు మైళ్లకో గంట, ఎక్కే ప్రతి రెండువేల అడుగులకో గంట అదనం. ఆ లెక్కన మిషన్ పీక్ ఎక్కడానికి నడిచేవాళ్లకు రెండు గంటలు. పరిగెత్తేవాళ్లు అంతకన్నా త్వరగా పోతారు గానీ, మైలుకు ఇన్ని నిమిషాలనే రోడ్డు లెక్క కొండ మీద చెల్లదన్న విషయం అందరికీ వర్తిస్తుంది.

రేగడి నెలలు, ఎండ నెలలు

జనవరిలో గట్టి వాన కురిసిన మర్నాడు ఈ కొండలు మన రైతులకు బాగా తెలిసిన పాఠం చెబుతాయి. ఈస్ట్ బే అని పిలిచే ఈ తూర్పు ఒడ్డు కొండల్లో విస్తారంగా ఉన్న ఒక మట్టిరకం పేరే డయాబ్లో క్లే. నేలల శాస్త్రం దాన్ని మన నల్లరేగడి వర్గంలోనే, వెర్టిసాల్ అనే తరగతిలోనే చేర్చింది. తడిస్తే ఉబ్బి జిగటవుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత పగుళ్లిస్తుంది. నాలుగు అడుగులు వేసేసరికి బూటు అడుగున పొర, దాని మీద పొర, గడ్డిపరకలతో కలిసి అచ్చు కడుతుంది. ఒక్కో కాలు ఇటుకంత బరువవుతుంది. గుంటూరు పొలాల్లో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. ఇక్కడి మర్యాద ఏమిటంటే, బురద పక్కనుంచి గడ్డి తొక్కుకుంటూ పోకూడదు. అలా పోతే దారి ఏటేటా వెడల్పవుతుంది. మధ్యలోంచే పోవాలి, లేదా రెండ్రోజులు ఆగి రావాలి.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ కొండలకు యౌవనం. వాగులు పారతాయి. డయాబ్లో ఉత్తర వాలులో జలపాతాలు పుడతాయి, కొన్ని వారాలే ఉంటాయి. గాలిలో బంగారు గద్దలు చక్కర్లు కొడతాయి. నేల ఉడుతలు దండిగా దొరికే ఈ డయాబ్లో పర్వతశ్రేణి ఆ గద్దలు ప్రపంచంలోనే అత్యంత దగ్గరదగ్గరగా గూళ్లు కట్టే ప్రాంతాల్లో ఒకటి.

మే దాటాక ఎండ. అఖాతం ఒడ్డున స్వెట్టర్ వేసుకున్న రోజునే, పాతిక మైళ్ల లోపలికి పోతే 38 డిగ్రీలు దాటొచ్చు. గడ్డికొండ మీద నీడ ఉండదు. ఎండిన వాలు వేడిని తిప్పికొడుతుంది. రాయలసీమ ఎండలు చూసినవాళ్లకు ఇదో లెక్కా అనిపించడం సహజం. మన ఊళ్లో మే నెల మిట్టమధ్యాహ్నం ఎవరూ రెండు గంటలు కొండ ఎక్కరన్న సంగతి అప్పుడు గుర్తుండదు. పొడిగాలిలో చెమట పుట్టిన వెంటనే ఆరిపోతుంది కాబట్టి ఎంత నీరు పోయిందో కూడా తెలియదు.

2021 జూలైలో ప్లెజంటన్ రిడ్జ్‌లో అనుభవం ఉన్న ఒక రన్నర్ ఎండ మండిపోతున్న రోజున ఎనిమిది మైళ్ల పరుగుకు వెళ్లి తిరిగి రాలేదు. ఫోను కారులోనే ఉంది. వందలాది వాలంటీర్లు వెతికారు. మూడు వారాల తర్వాత గానీ అతని దేహం దొరకలేదు. అది దట్టమైన అరణ్యం కాదు. కొండ మీంచి చూస్తే ఊరి ఇళ్ల కప్పులు కనిపించే చోటు. అప్పట్నుంచి చాలామంది బయల్దేరే ముందు ఏ దారిలో పోతున్నదీ, ఎన్నింటికి తిరిగొచ్చేదీ ఇంట్లో చెప్పడం అలవాటు చేసుకున్నారు.

జీడి బంధువు, తొండ ఉపకారం

ఈ కొండల్లో భయపడాల్సింది పులికి కాదు, ఒక ఆకుకు. పాయిజన్ ఓక్ అని పేరేగాని అది ఓక్ కాదు. మన మామిడి, జీడిమామిడి, చాకలి గుర్తులు పెట్టే నల్లజీడి, అన్నీ ఉన్న కుటుంబానిదే. జీడిపిక్కల నూనె తగిలి చెయ్యి పొక్కినవాళ్లకు అది చేసే పని తెలుసు. ఇక్కడి మొక్కలో ఉండే ఉరుషియోల్ కూడా ఆ జాతి జిడ్డే. మూడేసి ఆకులుగా ఉంటుంది. వసంతంలో నిగనిగలాడే పచ్చన, వేసవి చివరికి అందమైన ఎరుపు. శీతకాలంలో ఆకు రాలి పుల్లలే మిగిలినా ఆ పుల్ల గీసుకుంటే చాలు, మర్నాటికో మూడోనాటికో దద్దుర్లు, నీటిపొక్కులు. తగిలిందని అనుమానం వస్తే వీలైనంత త్వరగా సబ్బుతో, చల్లటి నీళ్లతో రుద్ది కడగాలి. బూటు లేసులు, ఫోను కూడా తుడవాలి. ఆ జిడ్డు వాటి మీద చాలాకాలం చెక్కుచెదరదు. ఒకసారి ఇది పడనివాళ్లలో కొందరికి మామిడిపండు తొక్క తగిలినా మూతి చుట్టూ దద్దురు లేస్తుంది. తెలుగువాడికి ఇంతకన్నా పెద్ద శిక్ష లేదు.

తోకకు గిలక ఉండే ర్యాటిల్ స్నేక్ పాములు వేడెక్కిన దారి మీద సాయంత్రం పూట చాపుకుని పడుకుంటాయి. వాటికి దారి ఇచ్చి ఆగితే అవే పోతాయి. చెవుల్లో పాటలు పెట్టుకుంటే గిలక చప్పుడు వినపడదు. మౌంటెన్ లయన్ ఎదురవడం చాలా అరుదు. ఎదురైతే మాత్రం రన్నరు చేయకూడనిది ఒక్కటే, పరుగు. చేతులెత్తి పెద్దగా కనపడుతూ, దాని కళ్లలోకి చూస్తూ, గట్టిగా అరుస్తూ మెల్లగా వెనక్కి జరగాలి. దూడ ఉన్న ఆవు దగ్గర కూడా చుట్టూ తిరిగి పోవడమే క్షేమం.

పిడుదుల కథ మాత్రం చిత్రమైనది. ఇక్కడి నల్లకాళ్ల పిడుదు లైమ్ జబ్బును మోయగలదు. గడ్డి తగిలేలా పరిగెత్తినవాళ్లు ఇంటికొచ్చి మోకాళ్ల వెనక, నడుం దగ్గర వెతుక్కోవాలి. కానీ ఆ పిడుదు పిల్లలకు ఇష్టమైన ఆతిథ్యం దారి పక్క కంచెల మీద తల ఆడిస్తూ కూర్చునే నీలిపొట్ట తొండ. ఆ తొండ రక్తంలోని ఒక పదార్థం పిడుదు ఒంట్లో ఉన్న లైమ్ క్రిములను చంపేస్తుందని బర్క్‌లీ శాస్త్రవేత్తలు 1990లలో కనిపెట్టారు. అమెరికా తూర్పు తీరంతో పోలిస్తే ఇక్కడ ఆ జబ్బు తక్కువగా ఉండడానికి చెప్పే కారణాల్లో ఈ తొండ ఒకటి.

గుర్రం కుంటితే పుట్టిన పందెం

ఈ ఆటకు ప్రపంచ పటంలో చోటిచ్చిందీ ఇలాంటి ఓక్ కొండలే. సియెర్రా పర్వతాల మీదుగా ఆబర్న్ ఊరికి ఒక్క రోజులో వంద మైళ్లు పోయే గుర్రాల పందెం ఒకటుంది, టెవిస్ కప్. తన గుర్రం అంతకుముందు కుంటడంతో గోర్డీ ఐన్స్‌లీ అనే యువకుడు 1974లో గుర్రాల మధ్యే కాలినడకన పరిగెత్తి 23 గంటల 42 నిమిషాల్లో ముగించాడు. 1977లో అది మనుషుల పందెంగా మొదలైంది. అదే వెస్టర్న్ స్టేట్స్ 100. మంచు మిగిలిన ఎత్తుల్లో తెల్లవారుజామున మొదలై, ఉడికిపోయే లోయలు దాటి, అమెరికన్ నదిని దాటి, ఆఖరి మైళ్లు ఎండుగడ్డి, ఓక్ నీడల మధ్య నడిచి, ఆబర్న్ హైస్కూలు మైదానంలో ముగుస్తుంది. 24 గంటల్లోపు చేరితే వెండి బెల్టు బకిల్. 30 గంటలు దాటితే ఏమీ లేదు. ఆన్ ట్రేసన్ మహిళల్లో దీన్ని 14 సార్లు గెలిచింది. 2023లో కోర్ట్‌నీ డావల్టర్ 15 గంటల 29 నిమిషాల్లో పూర్తిచేసి మహిళల రికార్డు తిరగరాసింది. పందెంలో చోటు దొరకాలంటే ముందు మరో కఠినమైన పందెం పూర్తిచేసి, లాటరీలో పేరు రావాలి.

ఎవరి సొమ్ము, ఎవరి కొండ

ఈ ప్రాంతంలో గజం స్థలం ధర తెలిసినవాళ్లకు రావాల్సిన సందేహం ఒకటుంది. కింద ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే, పైన వేల ఎకరాలు ఖాళీగా ఎలా ఉన్నాయి?

1920ల చివర్లో ఇక్కడి నీటి సంస్థ బర్క్‌లీ, ఓక్లండ్ వెనక కొండల్లో తనకు అక్కర్లేని భూముల్ని వదులుకోవడానికి సిద్ధమైంది. వాటిని ముక్కలు చేసి అమ్మకుండా పార్కులుగా ఉంచాలని ఊళ్ల జనం సభలు పెట్టారు, నిపుణులతో నివేదిక రాయించారు. అప్పటికి ఆర్థిక మాంద్యం దేశాన్ని కుదిపేస్తోంది, పనుల్లేవు. అలాంటి 1934లో ఓటర్లు తమ మీద తామే కొత్త పన్ను వేసుకుని ఈస్ట్ బే రీజనల్ పార్క్ డిస్ట్రిక్ట్‌ను ఏర్పాటు చేసుకున్నారు. 1988లో 22.5 కోట్ల డాలర్ల బాండ్లకు, 2008లో 50 కోట్ల డాలర్ల బాండ్లకు మళ్లీ ఓటేశారు. రెండోది ఆమోదం పొందిన ఏడాది కూడా మాంద్యపు ఏడాదే. ఇప్పుడా సంస్థ కింద 70కి పైగా పార్కులు, లక్షా పాతికవేల ఎకరాలు, 1,200 మైళ్లకు మించిన కాలిబాటలున్నాయి. డయాబ్లో విషయంలో 1971లో మొదలైన సేవ్ మౌంట్ డయాబ్లో అనే స్వచ్ఛంద సంస్థ చందాలు పోగుచేసి చుట్టుపక్కల భూములు కొంటూ వచ్చింది.

మనకూ గుట్టలున్నాయి. హైదరాబాద్‌లో ఖాజాగూడ రాళ్ల మధ్య ఆదివారం తెల్లారి పరిగెత్తేవాళ్లున్నారు. విశాఖ వెనక కంబాలకొండ అడవి ఉంది. అవతల గ్రానైటు కోసం సగం కోసేసిన గుట్టలు ఏ జిల్లాలో చూసినా ఉన్నాయి. కోర్టు కేసులు, ధర్నాలు, వినతిపత్రాలతో ఒకటో రెండో గుట్టల్ని ఆపగలుగుతున్నాం. కానీ ఫలానా గుట్టను ఊరి పేర ఉంచడానికి ఇంటిపన్నులో ఇంత అదనంగా కడతారా అని మన ఏ మునిసిపాలిటీ ఇంతవరకు ఓటర్లను అడగలేదు. అడిగితే ఏమంటామో మనకే తెలియదు.

ఫ్రీమాంట్‌లోనో డబ్లిన్‌లోనో ఇల్లు కొన్న తెలుగువాడి ఆస్తిపన్ను బిల్లులో ఈ పార్కుల పేరుతో ఒక చిన్న వరస ఉంటుంది. చాలామంది దాన్ని చదవకుండానే కట్టేస్తారు. 1934లో ఓటేసినవాళ్లలో ట్రయిల్ రన్నింగ్ అనే మాట విన్నవాళ్లు ఉండరు. ఎవరు వాడుకుంటారో తెలియకుండానే వాళ్లు కొండను కొని పెట్టారు. ఏ ఊరికైనా కొండ మిగలాలంటే అవసరం కనిపించాక కాదు, అంతకు ఓ తరం ముందే డబ్బు బయటికి తీయాలి.

బయల్దేరే ముందు

నీళ్లు: వేసవిలో గంటకు అర లీటరుకు తగ్గకుండా. రెండు గంటలు దాటే పరుగుకు ఉప్పు, తినడానికి ఏదైనా. కొండ మీది కుళాయిల్ని నమ్ముకోవద్దు.

వేళ: మే నుంచి అక్టోబరు దాకా తెల్లారేసరికి కొండ మీద, పదింటికల్లా కింద. పార్కు తెరిచే, మూసే వేళలు ముందే చూసుకోవాలి.

మ్యాపు: ఫోనులో ముందే దించుకున్నది ఒకటి. ఇంట్లో చెప్పిన దారి మార్చొద్దు.

దారి మర్యాద: గుర్రాలకు అందరూ ఆగాలి. దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు దారివ్వాలి. వెనకనుంచి దాటేముందు ఒక మాట వినపడేలా చెప్పాలి.

గేటు: మూసి ఉన్నది మూసే ఉంచాలి, తెరిచి ఉన్నది తెరిచే ఉంచాలి.

తిరిగొచ్చాక: బూట్ల మట్టి అక్కడే దులపాలి. పిడుదులు వెతుక్కోవాలి. స్నానానికి ముందు చేతులు, కాళ్లు సబ్బుతో, చల్లటి నీళ్లతో.